పొట్టి తుపాకీ మీద మనసైతే: కెనడాలో ఏది కొనొచ్చు, ఏది కాల్చొచ్చు

మీ బావ టెక్సాస్ నుంచి వాట్సాప్‌లో ఫొటో పంపాడు. చేతిలో టారస్ జడ్జ్. చూడ్డానికి రివాల్వరే. అయితే అందులో .45 తూటాతో పాటు .410 షాట్‌గన్ తూటా కూడా పేలుతుంది. ఫొటో కింద ఒక ముక్క: "నువ్వూ ఒకటి తీసుకోరా!" మీరుండేదేమో బ్రాంప్టన్‌లోనో, కాల్గరీలోనో, రెజైనాలోనో. ఫొటో చూసిన దగ్గర్నుంచి మనసు లాగుతోంది. ఇక్కడ దొరుకుతుందా? లైసెన్స్ ఇస్తారా? అసలు మనలాంటివాళ్లకి ఇవన్నీ అవసరమా?

చివరి ప్రశ్నకు జవాబు మీరే చెప్పుకోవాలి. మొదటి రెండూ నేను చెబుతాను. జడ్జ్ కాదు కదా, కెనడాలో ఇప్పుడు మామూలు పౌరుడు కొత్తగా ఏ పిస్టలూ, ఏ రివాల్వరూ కొనలేడు. కానీ అదే ఊళ్లో తుపాకుల షాపు గోడ మీద పద్నాలుగు అంగుళాల గొట్టంతో పంప్ షాట్‌గన్ వేలాడుతూ ఉంటుంది. మామూలు లైసెన్స్ చూపిస్తే అది మీ చేతికి వస్తుంది. ఇందులో తిరకాసు ఎక్కడుందో చూడండి. కొనలేని పిస్టల్‌ని రేంజ్‌లో కాల్చి చూడటం చాలా తేలిక. కొనగలిగిన పొట్టి షాట్‌గన్‌ని సరిగ్గా కాల్చడం మాత్రం తుపాకులన్నిటిలోకీ కష్టం. కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. "ఇదైతే దొరుకుతోంది కదా" అని దాన్నే మొదటి తుపాకీగా తెచ్చుకుంటారు. ఒక్కరోజు కాల్చి, భుజం కమిలి, చెవులు గింగురుమని, బీరువాలో పడేస్తారు.

అలా కాకూడదంటే ఏ వరసలో వెళ్లాలో చెబుతాను.

1. డబ్బు తీసే ముందు కొలతలు నేర్చుకోండి

కెనడా చట్టం తుపాకులను మూడు గంపల్లో వేసింది: నాన్-రిస్ట్రిక్టెడ్, రిస్ట్రిక్టెడ్, ప్రొహిబిటెడ్. మీ కోరిక ఏ గంపలో పడుతుందో తేల్చేది కొన్ని మిల్లీమీటర్లే.

ఒక చేత్తో గురిపెట్టి కాల్చేలా తయారైనది హ్యాండ్‌గన్. దాని గొట్టం 105 మిల్లీమీటర్లు, అంటే నాలుగు అంగుళాల పైన కాస్త, అంతకు మించకపోతే అది ప్రొహిబిటెడ్. .25, .32 క్యాలిబర్‌లు కూడా అంతే. మీ బావ చేతిలోని జడ్జ్ గొట్టం మూడంగుళాలదైతే 76 మిల్లీమీటర్లే. కాబట్టి పిస్టళ్లు మామూలుగా అమ్మిన రోజుల్లో కూడా అది ఇక్కడ మీకు దక్కేది కాదు. అదే జడ్జ్‌లో ఆరున్నర అంగుళాల గొట్టం ఉన్నది రిస్ట్రిక్టెడ్ కిందికి వచ్చేది.

తర్వాత అదీ ఆగిపోయింది. 2022 ఆగస్టు 19న హ్యాండ్‌గన్‌ల దిగుమతి ఆపారు. అక్టోబర్ 21న వ్యక్తుల మధ్య అమ్మకం, కొనుగోలు, బదిలీ ఆపారు. 2023 డిసెంబర్ 15న సీ-21 బిల్లుకు రాజముద్ర పడటంతో ఆ నిషేధం చట్టంలోనే చేరింది. అప్పటికే తమ పేరున రిజిస్టర్ అయి ఉన్నవాళ్లు ఉంచుకోవచ్చు, రేంజ్‌లో కాల్చుకోవచ్చు. కొడుక్కి ఇవ్వలేరు, వీలునామాలో రాసినా చెల్లదు. వృత్తి రీత్యా తుపాకీ ధరించే అనుమతి ఉన్నవాళ్లకీ, ఒలింపిక్, పారాలింపిక్ విభాగాల్లో పోటీపడుతూ క్రీడా సంఘం నుంచి లేఖ తెచ్చుకున్నవాళ్లకీ మాత్రమే మినహాయింపు. "ఏదో దారి ఉంటుందిలే" అని వెతకడం మన అలవాటు. ఇక్కడ ఆ వెతుకులాట కట్టిపెట్టండి.

ఇక షాట్‌గన్‌లు. పంప్, సింగిల్ బ్యారెల్, డబుల్ బ్యారెల్ లాంటివి సాధారణంగా నాన్-రిస్ట్రిక్టెడ్. సెమీ ఆటోమేటిక్ అయి, గొట్టం 470 మిల్లీమీటర్ల లోపు ఉంటే కథ మారుతుంది. మడతపెట్టి 660 మిల్లీమీటర్ల లోపుకు కుదించి కాల్చగలిగినదైనా అంతే. అన్నిటికంటే ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఫ్యాక్టరీలో పొట్టిగా తయారై వచ్చింది వేరు, పొడుగుదాన్ని మీరు పొట్టి చేసింది వేరు. కోసి గానీ, ఇంకే మార్పు చేసి గానీ గొట్టం 457 మిల్లీమీటర్ల లోపుకు తెచ్చినా, మొత్తం పొడవు 660 లోపుకు తెచ్చినా అది ప్రొహిబిటెడ్. అలాంటిది తయారుచేయడమే పెద్ద నేరం.

"నేనెందుకు కోస్తానండీ!" అంటారు. కోయక్కర్లేదు. అనుకుందాం, మీరు ఆన్‌లైన్‌లో ముచ్చటైన పిస్టల్ గ్రిప్ ఒకటి చూశారు. షాట్‌గన్ వెనక ఉన్న చెక్క మడమ విప్పి దీన్ని బిగించారు. పావుగంట పని. గొట్టం ముట్టుకోలేదు. కానీ మొత్తం పొడవు 640 మిల్లీమీటర్లకు దిగిపోయింది. అంతే, మీ తుపాకీ గంప మారిపోయింది, మీకు తెలియకుండానే. అందుకే నా మాట వినండి: షాపు నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంచండి. ఏదైనా మార్చాలనిపిస్తే ముందు టేపు తీయండి, తర్వాత మీ ప్రావిన్స్ చీఫ్ ఫైరార్మ్స్ ఆఫీసర్ కార్యాలయాన్ని అడగండి. 2020 మే 1న పదిహేను వందల పైచిలుకు మోడళ్లను ఒక్కసారిగా నిషేధించారు. 2024 డిసెంబర్‌లో, 2025 మార్చిలో మళ్లీ జాబితా పెరిగింది. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో ఎవరైనా చవగ్గా ఇస్తున్నారంటే, ఆ మోడల్ ఇవాళ ఏ వర్గంలో ఉందో చూసుకున్నాకే బేరం.

2. లైసెన్స్ ఫారంలో నిజం రాయండి

కావలసింది పొసెషన్ అండ్ అక్విజిషన్ లైసెన్స్. అందరూ "పాల్" అంటారు. కెనడా పౌరసత్వం అక్కర్లేదు, 18 ఏళ్లు నిండి ఉండాలి. ముందు కెనడియన్ ఫైరార్మ్స్ సేఫ్టీ కోర్సు చేయాలి. రాత పరీక్ష, చేతిలో తుపాకీ పట్టి చూపించే పరీక్ష, రెండింట్లోనూ 80 శాతం రావాలి. సాఫ్ట్‌వేర్ సర్టిఫికేషన్లు చేసినవాళ్లం కదా అని రాత పరీక్షను తేలిగ్గా గట్టెక్కుతారు. ఫెయిలయ్యేది రెండోదాంట్లో. తుపాకీ అందుకుంటూ వేలు ట్రిగ్గర్ మీదికి పోనిచ్చినా, మాట్లాడుతూ మాట్లాడుతూ గొట్టాన్ని ఇన్‌స్ట్రక్టర్ వైపు తిప్పినా అంతే సంగతులు.

హ్యాండ్‌గన్ కోసమే ఆశపడి రిస్ట్రిక్టెడ్ కోర్సుకు కూడా డబ్బు కట్టేయకండి. ఆ లైసెన్స్ వచ్చినంత మాత్రాన పిస్టల్ కొనుక్కునే వీలు ఇప్పుడు లేదు.

మొదటిసారి దరఖాస్తు చేసేవాళ్లకు కనీసం 28 రోజుల నిరీక్షణ తప్పదు. పరిశీలన పూర్తయ్యేసరికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఫారంలో ఇద్దరు రిఫరెన్స్‌లు కావాలి. భార్య లేదా భర్త సంతకం కావాలి. సంతకం లేకపోతే అధికారులే వాళ్లకు కబురు పెడతారు. గత రెండేళ్లలో విడిపోయిన భాగస్వామి ఉన్నా అంతే. ఇంట్లో చెప్పకుండా కొనేద్దాం అనుకునేవాళ్లకి ఇదొక అడ్డంకి. నన్నడిగితే ఇది మంచి అడ్డంకి.

ఉద్యోగం పోయిందా, విడాకులయ్యాయా, డిప్రెషన్‌కు చికిత్స తీసుకున్నారా అన్న ప్రశ్నలు వస్తాయి. మనవాళ్లు ఇక్కడే తడబడతారు. లేఆఫ్ అయిన సంగతి ఎందుకు రాయడం, పరువు పోతుంది అనుకుంటారు. అవునని రాస్తే దరఖాస్తు తిరస్కరించేస్తారని కాదు. ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగొచ్చు. అబద్ధం రాస్తే అదే ఒక నేరం.

లైసెన్స్ వచ్చాక అయిదేళ్లు చెల్లుతుంది. ఆ అయిదేళ్లూ మీ పేరును పోలీసు రికార్డులతో సరిచూస్తూనే ఉంటారు. క్యూబెక్‌లో ఉన్నారా? 2018 జనవరి 29 నుంచి అక్కడ పొడవు తుపాకులను కూడా ప్రావిన్స్ దగ్గర విడిగా నమోదు చేయించాలి. ఒంటారియో నుంచి మాంట్రియల్‌కు ఇల్లు మారేవాళ్లు ఈ ముక్క మరిచిపోతుంటారు.

3. కొనక ముందే కాల్చి చూడండి

లైసెన్స్ లేకపోయినా, రేంజ్‌లో లైసెన్స్ ఉన్న వ్యక్తి పక్కనే నిలబడి చూస్తుండగా కాల్చవచ్చు. పెద్ద నగరాల చుట్టుపక్కల కమర్షియల్ రేంజ్‌లు ఇలాంటి ప్యాకేజీలు ఇస్తాయి. ముందే ఫోన్ చేసి నియమాలు కనుక్కోండి. పిస్టల్ మోజు తీర్చుకోవడానికి ఇప్పుడు మిగిలిన సులువైన దారి ఇదే.

వెళ్లారు. కౌంటర్ మీద రకరకాల తుపాకులున్నాయి. మీ పక్కనున్న స్నేహితుడు ".44 మాగ్నమ్ ఇవ్వండి" అన్నాడు. మీరు ఏం అడుగుతారు? .22 అడగండి. నవ్వితే నవ్వనివ్వండి. పెద్ద తుపాకీతో మొదలుపెట్టినవాడికి మొదటి గుండుకే భయం పట్టుకుంటుంది. రెండోసారి ట్రిగ్గర్ నొక్కబోయే ముందే చెయ్యి ముడుచుకుపోతుంది, గొట్టం కిందికి దిగుతుంది, గుండు టార్గెట్ కింద మట్టిలో దిగుతుంది. ఒకసారి పట్టుకున్న ఆ ఉలికిపాటు వదలడం కష్టం. .22తో ఆ భయమే పుట్టదు.

రెండు చేతులతో పట్టుకోండి. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ అయితే బొటనవేలు స్లైడ్ వెనక ఉండకూడదు. స్లైడ్ వెనక్కి దూసుకొచ్చి చర్మం చీల్చేస్తుంది. రివాల్వర్ అయితే ముందు చేతి వేళ్లు సిలిండర్‌కీ గొట్టానికీ మధ్యనున్న సందు దగ్గరికి పోకూడదు. ఆ సందులోంచి వేడి వాయువు కత్తిలా కోస్తుంది. పిస్టల్ అలవాటున్నవాళ్లే రివాల్వర్ పట్టుకున్నప్పుడు ఈ పొరపాటు చేస్తారు.

.410 రివాల్వర్ మీద ఇంకా ఆశ ఉంటే ఒక సంగతి వినండి, కాస్త చల్లబడతారు. షాట్‌గన్ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. రివాల్వర్ గొట్టంలో మెలిక గాడులుంటాయి. వాటిలోంచి వచ్చేసరికి సీసపు గుళ్లు గిర్రున తిరిగి, బయటికి రాగానే చెల్లాచెదురవుతాయి. నాలుగు అడుగుల్లో ఉన్న పాముకు సరిపోతుందేమో. పదిహేను మీటర్ల దూరంలో ఉన్న టార్గెట్‌కు తగిలేది అరాకొరా. బావ ఈ సంగతి ఫొటో కింద రాయడు.

ఇంట్లో పదమూడేళ్ల పాప ఉంది, హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ టీమ్ స్వర్ణం గెలిచినప్పటి నుంచి తనకూ పిస్టల్ నేర్పించమని అడుగుతోంది అనుకోండి. ఆమెకు ఎయిర్ పిస్టల్ దారి ఉంది. మూతి వేగం సెకనుకు 152.4 మీటర్లు దాటనిదైతే లైసెన్స్ అక్కర్లేదు. పది మీటర్ల దూరం, బేస్‌మెంట్‌లో గట్టి పెల్లెట్ ట్రాప్ ఉంటే చాలు. కళ్లజోడు మాత్రం తప్పనిసరి. గురి, ఊపిరి, ట్రిగ్గర్ మీద వేలి అదుపు, అన్నీ దీంతోనే వస్తాయి. ఒలింపిక్ మినహాయింపు వైపు నడిచే దారి కూడా ఇక్కడే మొదలవుతుంది. నిజం చెప్పాలంటే ఈ అధ్యాయం చదివేవాళ్లలో సగం మందికి కావలసింది ఇదేనని నా అనుమానం.

4. పొట్టి షాట్‌గన్ మీకు రెండోది కావాలి, మొదటిది కాదు

ఎందుకు? పిట్ట కొంచెం, కూత ఘనం. గొట్టం పొట్టిదయ్యే కొద్దీ మందు పేలుడు మీ మొహానికి దగ్గరవుతుంది. చప్పుడూ పెరుగుతుంది, మంటా పెరుగుతుంది. బరువు తగ్గే కొద్దీ వెనక్కి తన్నడం పెరుగుతుంది. గురి చూసే గీత చిన్నదవుతుంది, కాబట్టి చేతిలో చిన్న తేడా టార్గెట్ దగ్గర పెద్ద తేడా అవుతుంది. అంటే కొత్తవాడికి ఏవేవి అడ్డమో అవన్నీ ఇందులో ఉన్నాయి. మొదట 26 లేదా 28 అంగుళాల గొట్టం ఉన్న మామూలు 12 గేజ్ గానీ, ఒళ్లు తేలికైనవాళ్లయితే 20 గేజ్ గానీ తీసుకుని క్లే పిజియన్లు కాల్చండి. ఒక సీజన్ గడవనివ్వండి.

ఆ తర్వాతా పొట్టిదే కావాలా? సరే. పూర్తి మడమ ఉన్నదే ఎంచుకోండి. ఎడమ పాదం ముందుకు, బరువు దాని మీద, మడమ భుజం గుంటలో గట్టిగా, చెంప చెక్క మీద. ఎడమచేతి వాటమైతే అన్నీ తిరగేసుకోండి. వెనక్కి వాలి నిలబడటం చాలామంది చేసే పొరపాటు. సినిమాల్లో హీరో అలాగే నిలబడతాడు మరి. వాలితే తుపాకీ మిమ్మల్ని ఇంకొంచెం వాలుస్తుంది.

మడమ లేకుండా పిట్ట తల ఆకారంలో పిడి మాత్రమే ఉన్నవి ఉంటాయి. వాటిని కంటి దగ్గరికి ఎత్తకండి. వెనక్కి తన్నినప్పుడు పళ్లూ ముక్కూ దెబ్బతింటాయి. ఛాతీ ఎత్తులో పట్టుకుని, ముందు చెయ్యి ముందుకు నెడుతూ, వెనక చెయ్యి వెనక్కి లాగుతూ ఉండాలి. ముందు చేతికి పట్టీ ఉన్న మోడల్ అయితేనే తీసుకోండి. పంప్ లాగి నెట్టే హడావిడిలో చెయ్యి జారి గొట్టం మూతి ముందుకు వెళ్లిపోయే ప్రమాదం పొట్టి గొట్టంతోనే ఎక్కువ.

పంప్‌ని మెత్తగా ఆడించేవాళ్లు ఇంకో తిప్పలు పడతారు. పూర్తిగా వెనక్కి లాగకుండా ముందుకు నెడితే ఖాళీ తూటా బయటికి రాదు, కొత్తది లోపలికి పోదు. మొహమాటం లేకుండా చివరికంటా లాగండి.

మొదటి రోజు తేలికపాటి టార్గెట్ తూటాలే వాడండి, ఏడున్నర లేదా ఎనిమిదో నంబర్ గుళ్లవి. స్లగ్, బక్‌షాట్ తర్వాత చూసుకోవచ్చు. పెద్ద కాగితం కట్టి అయిదు, పది, పదిహేను మీటర్ల నుంచి ఒక్కోటి కాల్చి చూడండి. గుళ్లు ఎంత విచ్చుకుంటున్నాయో మీ కళ్లతో చూస్తే, "షాట్‌గన్‌కు గురి అక్కర్లేదు" అనే మాట ఇంకెప్పుడూ అనరు. అయిదు మీటర్ల దగ్గర ఆ గుళ్లన్నీ దాదాపు అరచేతిలో ఇమిడిపోతాయి.

5. జేబులో రెండు రకాల తూటాలు ఉంచుకోకండి

ఇది విడిగా చెప్పాల్సినంత ముఖ్యం. గేజ్ లెక్క కొంచెం వింత. గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో అది గేజ్. పన్నెండు తూగితే 12 గేజ్, దాని వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఇరవై తూగితే 20 గేజ్, సుమారు 15.6. అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది. .410 మాత్రం గేజ్ కాదు, అంగుళాల్లో వ్యాసమే.

ఇప్పుడు ఈ పరిస్థితి చూడండి. భార్యాభర్తలిద్దరూ క్లే రేంజ్‌కు వెళ్లారు. ఆయనది 12, ఆమెది 20. తూటాలన్నీ ఒకే సంచిలో. మాటల్లో పడి ఆయన 20 తూటాను తన 12 గేజ్‌లో వేశాడు. అది జారి లోపలికి వెళ్లి గొట్టంలో కాస్త ముందుకు ఇరుక్కుంది. నొక్కితే టిక్కుమంది, పేలలేదు. "తూటా వేయలేదేమో" అనుకుని పైన ఇంకొక 12 వేసి నొక్కితే గొట్టం ముందు చెయ్యి ఉన్న చోటే పగులుతుంది. ఈ ప్రమాదం ఎంత పాతదంటే, 20 గేజ్ తూటాలను పసుపు రంగులో చేయడం పరిశ్రమకు ఆచారంగా మారింది. సంచిలో పసుపు తూటా కనిపిస్తే ఆగండి.

పొడవు కూడా చూడాలి. గొట్టం పక్కన రెండుముప్పావు అంగుళాలని చెక్కి ఉంటే మూడంగుళాల తూటా వేయకూడదు. లోపలికి పడుతుంది, అదే మోసం. పేలాక దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.

టిక్కుమని పేలకపోతే గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి అరవై సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. ఎప్పుడూ వినే శబ్దం కాకుండా తుస్సుమంటే వెంటనే ఆపి, ఖాళీ చేసి, గొట్టంలో ఏమైనా ఇరుక్కుందేమో చూడండి. చెవుల్లో ప్లగ్గులు, పైన మఫ్‌లు, పొట్టి తుపాకీకి రెండూ కావాలి. ఇంటికొచ్చాక అన్నానికి కూర్చునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి, ఆ చొక్కాతో చంటిపిల్లను ఎత్తుకోకండి. సీసం ధూళి కంటికి కనపడదు.

6. ఇంట్లో: తలగడ కింద కాదు

"దొంగలు ఎక్కువయ్యారు, కారు తాళాల కోసం ఇంట్లోకే వస్తున్నారు, అందుకే కొంటున్నా" అంటారు కొందరు. భయం నిజమే. కానీ చట్టం ప్రకారం ఇంట్లో దాచే తుపాకీలో తూటా ఉండకూడదు. నాన్-రిస్ట్రిక్టెడ్‌కు ట్రిగ్గర్ లాక్ వేయాలి, లేదా సులువుగా పగలని బీరువాలో పెట్టి తాళం వేయాలి. తూటాలు పక్కనే చేతికందేలా ఉండకూడదు, ఉంటే అవీ తాళంలో ఉండాలి. ఇప్పటికే హ్యాండ్‌గన్ ఉన్నవాళ్లయితే ట్రిగ్గర్ లాకూ, తాళం వేసిన పెట్టే రెండూ కావాలి, లేదా అందుకోసమే చేసిన సేఫ్ కావాలి. తలగడ కింద తూటా వేసి పెట్టుకున్న తుపాకీ, దొంగ రాకముందే మిమ్మల్ని నేరస్తుణ్ని చేస్తుంది. ఇంటి భద్రతకే అయితే గట్టి తలుపు, కెమెరా, అలారం మీద ఆ డబ్బు పెట్టండి.

క్యాంపింగ్‌కు వెళ్తే ఎలుగుబంట్లు వస్తాయని పొట్టి షాట్‌గన్ అడిగేవాళ్లూ ఉన్నారు. ఉత్తరాన అడవుల్లో పనిచేసేవాళ్లకు అది నిజమైన అవసరమే. మీరు వెళ్లేది బాన్ఫ్, జాస్పర్ నేషనల్ పార్కులకైతే అక్కడ తుపాకీ సిద్ధంగా పట్టుకు తిరగడం నిషిద్ధం. బేర్ స్ప్రే కొనండి, మూత తీయడం ఇంటి దగ్గరే సాధన చేయండి.

దసరాకు ఆయుధ పూజ చేస్తారు కదా, తుపాకీ పెట్టొచ్చా? ఖాళీ చేసి, ట్రిగ్గర్ లాక్ వేసి పెట్టండి. పసుపు కుంకుమలు పెట్టెకు పెట్టండి. అక్షింతలు గొట్టంలో పడితే అమ్మవారు ఏమీ అనుకోదు గానీ, తర్వాత కాల్చేటప్పుడు ఆ అడ్డు ప్రమాదం. పూజయ్యాక గొట్టం లోపల చూడకుండా బీరువాలో పెట్టకండి.

కోర్సులో నాలుగు సూత్రాలు కంఠస్థం చేయిస్తారు: ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే భావించు, గొట్టం ఎటు తిరిగిందో ఎప్పుడూ గమనించు, ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు, ఖాళీగా ఉందని కళ్లతో చూసి నిర్ధారించు. అతిథులకు చూపించేటప్పుడు కూడా ఇదే వరస. "మా ఆయనది ఖాళీదే వదినా, పట్టుకో" అని ఆడపడుచుకి అందించే ముందు ఖాళీ అని ఆమెకూ చూపించాలి. కెమెరా వైపు గురిపెట్టి ఫొటోలు దిగడం మాత్రం ఖాళీదైనా వద్దు.

ఇంట్లో ఎవరికైనా మనసు బాగాలేని రోజులు వచ్చాయా? తుపాకీని కొంతకాలం లైసెన్స్ ఉన్న స్నేహితుడి దగ్గరో, దాచిపెట్టే సదుపాయం ఉన్న షాపులోనో ఉంచండి. ఇది సిగ్గుపడే విషయం కాదు.

7. సరిహద్దులు: బావ, బ్యాగు

ఎండాకాలం సెలవులకు బావ కుటుంబం డిట్రాయిట్ మీదుగా విండ్సర్‌కు, లేదా బఫెలో నుంచి నయాగరాకు కారులో బయల్దేరుతుంది. కారు గ్లవ్‌బాక్స్‌లో జడ్జ్ ఉంటుంది. అమెరికాలో ఆయనకు అది పర్సు లాంటి వస్తువు, ఉన్నట్టే గుర్తుండదు. కెనడా సరిహద్దు దగ్గర చెప్పకుండా దొరికితే తుపాకీ పోతుంది, కారు కూడా స్వాధీనం చేసుకోవచ్చు, కేసు పడొచ్చు. "మీరు దిగే ముందు రోజు ఫోన్ చెయ్ బావా" అని ఊరుకోకండి. బయల్దేరక ముందే సూటిగా అడగండి: "కారులో, అక్కయ్య హ్యాండ్‌బ్యాగులో, ట్రంకులో తుపాకీ గానీ తూటా గానీ ఉన్నాయా? ఇంట్లో పెట్టి రండి."

మీరు పర్మనెంట్ రెసిడెంటే అయి ఇంకా పౌరసత్వం రాకపోతే ఇంకొంచెం జాగ్రత్త అవసరం. గరిష్ఠంగా పదేళ్లు లేదా అంతకంటే ఎక్కువ శిక్ష పడగల నేరం రుజువైతే, కోర్టు తక్కువ శిక్ష వేసినా, పీఆర్ హోదాకే ముప్పు వస్తుంది. లైసెన్స్ లేదని తెలిసీ తుపాకీ ఉంచుకోవడం అలాంటి నేరాల్లో ఒకటి. స్నేహితుడు ఇండియాకు వెళ్తూ "నెలరోజులు మీ ఇంట్లో ఉంచరా" అంటే, మీకు లైసెన్స్ లేకపోతే స్నేహం కోసమైనా ఒప్పుకోకండి.

ఇక మీ ఇండియా ప్రయాణం. రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాక్‌ప్యాకే విమానానికీ వాడతారు చాలామంది. అడుగున అరలో ఒక్క .22 తూటా జారిపడి ఉంటుంది. కెనడాలో ఎవరి కంటా పడకుండా వెళ్లినది, తిరుగు ప్రయాణంలో శంషాబాద్ ఎక్స్‌రేలో కనిపిస్తుంది. లైసెన్స్ లేకుండా తూటా కలిగి ఉండటం అక్కడ ఆయుధాల చట్టం కింద నేరం. తెలియక ఉండిపోయిందని లాయర్ వాదించే లోపు విమానం వెళ్లిపోతుంది, పాస్‌పోర్ట్ పోలీసుల దగ్గర ఉంటుంది. రేంజ్ సంచి వేరేగా కొనుక్కోండి. రంగు కూడా వేరేదైతే మేలు. దాన్ని గరాజ్‌లోనే ఉంచండి, సూట్‌కేసులున్న గదిలోకి తేకండి. ప్రయాణానికి ముందు రోజు జాకెట్ జేబులు, జీన్స్ చిన్న జేబు, కారు సీటు కింద ఒకసారి తడిమి చూసుకోండి. పేల్చేసిన ఖాళీ తొడుగులను పిల్లలు బొమ్మల్లా దాచుకుంటారు, వాళ్ల బ్యాగులు కూడా దులపండి.